లెక్కలోకి రాని పొగ

ఆరుద్ర కార్తె ఎండగానే వెళ్ళిపోయింది. రెండువేల రెండో సంవత్సరం జూలై మొదలైనా మల్కాపురం వెనక రామాలయం మెట్ట మీద ఒక్క చినుకు రాలలేదు. మెట్ట మీది బావిలో బకెట్టు వేస్తే నీటి చప్పుడుకు బదులు రాతి చప్పుడు వచ్చేది. కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. వచ్చిన రోజున కూడా ముందు కాసేపు గాలి కక్కి, ఆ తరవాత నీళ్ళు ఇద్దామా వద్దా అని ఆలోచించుకుంటున్నట్టు గురగురలాడేది.

అలాంటి రోజుల్లో కామరాజు వరుణహోమం తలపెట్టాడు.

కామరాజుది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పోర్టులో ఎలక్ట్రికల్ ఫిట్టరుగా చేరి, పెళ్ళి చేసుకుని, ఈ మెట్ట మీద రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. రామాలయం కమిటీకి అధ్యక్షుడు కూడా. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు. గుడి తాళం చెవి ఆయన మొలతాడుకి వేలాడేది గనక అందరూ అలాగే పిలిచేవారు. రోజూ తెల్లవారే స్నానం చేసి గుడి తీసి దీపం పెట్టకుండా డ్యూటీకి వెళ్ళి ఎరగడు. ఇప్పుడా స్నానం ఒక్క చెంబుకి దిగింది. ఆ చెంబు కోసం భార్య పద్మావతి కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడి తిరిగొచ్చేటప్పటికి ఆవిడ కాళ్ళు వాచిపోయి ఉండేవి. దేవుడికి సంగతి విన్నవించాలని కామరాజుకు అనిపించింది ఆ కాళ్ళు చూశాకే.

ఎలమంచిలి నుంచి శాస్త్రిగారు పాసింజరు బండిలో వచ్చి ముహూర్తం పెట్టారు. హోమధూమం పైకి వెళ్ళి మబ్బును పిలుచుకొస్తుందని భరోసా ఇచ్చారు. కామరాజు పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి నెయ్యి, సమిధలు, నవధాన్యాలు తెచ్చాడు. గురువారం చేతికి కంకణం కట్టుకున్నాడు. ఆదివారం పొద్దున పూర్ణాహుతి. కంకణం విప్పేదాకా నేల మీద పడక, ఒంటిపూట భోజనం, అబద్ధం ఆడకూడదు. మొదటి రెండూ తేలికే. మూడోది మెట్ట మీద ఎవరికీ అంతగా అలవాటు లేదు.

శుక్రవారం సాయంత్రం పక్కింటి గురునాథరావు వచ్చాడు. ఈయన నేవీ ఓడల్లో బాయిలరు దగ్గర స్టోకరుగా పనిచేసి రిటైరైన మనిషి. నిప్పుల దగ్గర బతికినందువల్ల కాబోలు, ఏ మాటైనా సలసలా మరుగుతూనే బయటికొచ్చేది.

"బావా, ఆదివారం నీ హోమం ఆపీయాల," అన్నాడు, చెప్పులు విడవకుండానే.

"ఏం బావా?"

"పొగ."

సంగతేమిటంటే, పరిసర మిత్రమండలి అని ఊళ్ళో పెద్దలు కొందరు ఒక సంఘం పెట్టుకున్నారు. వనమహోత్సవం వారంలో వాళ్ళు 'పొగ లేని వీధి' అని పోటీ పెట్టారు. కట్టెల పొయ్యిలు, చెత్త మంటలు, స్కూటర్ల పొగ, ఇవేవీ లేని వీధికి మొదటి బహుమతిగా వానలు పడేదాకా రోజూ ఒక టాంకరు మంచినీళ్ళు. జడ్జీలు ఆదివారం పొద్దున వస్తారు. వాళ్ళతో నేవీ ఆఫీసరు ఒకాయన కూడా వస్తాడు.

"మన ఈదంతా గేసు పొయ్యిలే. సీతాలు కట్టెలు ఆర్పీసింది. అప్పలసూరి స్కూటరు ఎలాగూ స్టార్టవదు. ఒక్క నీ హోమమే అడ్డం," అన్నాడు గురునాథరావు.

కామరాజు కంకణం చూపించాడు. "దీక్షలో ఉన్నాను బావా. ఇప్పుడు మానేస్తే, వరుణుణ్ణి భోజనానికి పిలిచి తలుపు గడియ పెట్టుకున్నట్టు ఉంటుంది."

"వరుణుడు వత్తాడో రాడో నాకు తెలీదు. టాంకరు మాత్రం వత్తాది. ఆ డ్రైవరు మావోడే."

అరుగు మీద నుంచి చూస్తే హార్బరు కనిపిస్తుంది. ఆ ఏడాది సరిహద్దుల్లో సైన్యాలు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. యుద్ధం వచ్చిందీ కాదు, రాలేదూ కాదు. ఓడలకు తీరిక లేదు. విమానాలు మెట్ట మీదుగా వెళ్తుంటే గుడి గంట దానంతట అదే చిన్నగా మోగేది. ఆ సమయానికి రేవులో ఒక పాత ఓడ గొట్టంలోంచి నల్లటి పొగ లేచి, దున్నపోతు లేచినంత నింపాదిగా మెట్ట వైపు తిరిగింది.

కామరాజు దానికేసి చెయ్యి చూపించాడు. "మరి అదో?"

గురునాథరావు మొహం విచ్చుకుంది. సొంత కొడుకుని చూపించినట్టే అయింది ఆయనకు. "అది మా ఓడ. దాని బాయిలరుని నాను పన్నెండేళ్ళు మేపీసినాను. ఎంత ఆయిలు తాగుతాదనుకున్నావు? మన ఈదిలో స్కూటర్లన్నీ మన మనవల పెళ్ళిళ్ళ దాకా తిరిగినా, అది ఒక్క పూట తాగినంత తాగవు. అలాగుంటాది ఓడంటే."

"అయితే ఆ పొగో?"

"అది లెక్కలోకి రాదు."

"ఎందుకు రాదు?"

"దేశరక్షణ బావా."

"నేను కాదన్నానా? పొద్దున్నే దీపం పెట్టి ఆ ఓడల్లో పిల్లలందరికీ కలిపి దండం పెడతాను. కాని ఆ పొగ పైకెళ్ళాక, నేను దేశరక్షణ పొగని అని ఆకాశానికి చెబుతుందా అని నా సందేహం."

రిటైరయ్యాక గురునాథరావు పేపరు మొదటి అక్షరం నుంచి చివరి టెండరు ప్రకటన దాకా చదువుతాడు. "భూమి వేడెక్కిపోతందని జపాన్‌లో దేశాలన్నీ కూకున్నాయి గదా. ఎవుడెవుడు ఎంత పొగ ఇడిసీయాలో రాసుకున్నారు. మిలట్రీ పొగ దగ్గరికొచ్చేసరికి శానా మట్టుకు లెక్కలో రాయకుండా ఒగ్గీసినారంట."

"అన్ని దేశాలూనా?"

"అన్నీని. మిగతా ఇషయాల్లో కొట్టుకుంటారు గాని, ఆ ఒక్క దాంట్లో అందరిదీ ఒకే మాట."

లోపల కందిపప్పు ఏరుతున్న పద్మావతి గుమ్మంలోకి వచ్చింది. "అంటే మా ఆయన శనివారం ఉపవాసం లాగన్నమాట," అంది.

గురునాథరావు చెవులు రిక్కించాడు. "ఏటమ్మా, ఏటి?"

"ఈయన శనివారం అన్నం ముట్టరన్నయ్యగారూ. పొద్దున పెసరట్టు ఉప్మా, మధ్యాహ్నం అరటిపళ్ళు, పాలు, సాయంత్రం ఇడ్లీలు, పడుకోబోయే ముందు మళ్ళీ ఇంత రవ్వకేసరి. ఇదేంటండీ అంటే, ఉపవాసంలో ఫలహారం లెక్కలోకి రాదంటారు. కిందటేడు ప్యాంటు ఈ ఏడు పట్టడం లేదు. అది మటుకు లెక్క రాసుకుంటోంది."

గురునాథరావు నవ్వి నవ్వి అరుగు స్తంభం పట్టుకున్నాడు. కామరాజు కూడా నవ్వాడు గాని, ఆ మాట లోపల ఎక్కడో చేపముల్లు లాగ దిగబడింది. నిజమే గదా అనుకున్నాడు. అన్నం అని పేరు పెట్టనిదీ పొట్టలోకే వెళ్తుంది. పొగ అని రాయనిదీ ఆకాశంలోకే వెళ్తుంది. రాయకపోతే ఎవరిని మోసం చేసినట్టు?

మర్నాడు శనివారం. పద్మావతి పెసరట్టు తెచ్చి పెడితే వద్దన్నాడు. అరటిపళ్ళూ వద్దన్నాడు. మధ్యాహ్నానికి ఆవిడ హడలిపోయి, "నేనేదో సరదాకి అన్నానండీ" అంది. కామరాజు తులసి నీళ్ళు తాగి, జీవితంలో మొదటిసారి ఉపవాసం అంటే ఏమిటో చూశాడు. అది ఆయన అనుకున్నంత ప్రశాంతమైన వ్యవహారం కాదు.

ఈలోగా కుళాయి దగ్గర సభ జరిగింది. హోమం ఆపాలని కొందరు, ఆపితే వరుణుడికి కోపం వస్తుందని కొందరు. చివరికి ఫిషింగ్ హార్బరులో చేపలు అమ్మే చిట్టమ్మ తీర్పు చెప్పింది. "హోమమూ కావాల, టాంకరూ కావాల. ఏదో ఒకటి సెప్పండి అనడానికి మనమేటి రాజులమా? ఎటొచ్చినా నీల్లు రావాల. గురునాధం బాబు, నువ్వు ఓడలు నడిపినోడివి, ఉపాయం సూడు."

గురునాథరావు ఓడ నడపలేదు, నిప్పు ఎగదోశాడంతే. అయినా ఆ మాటకి పొంగిపోయి మేడెక్కి, రేవులో ఓడ గొట్టం కేసి చాలాసేపు చూసి దిగాడు. కామరాజు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"బావా, బాయిలరు ఎలిగించినారు. ఆ పొగ రంగు సూత్తే తెలుస్తాది, రేపు పొద్దున కదుల్తాది. కదిలినప్పుడు గాలి మన ఈపే. మెట్టంతా కమ్మేత్తాది. జడ్జీలొచ్చిన టయానికి నీ హోమం ఎలిగించు. ఏ పొగ ఎవుడిదో బ్రమ్మదేవుడు కూడా సెప్పలేడు. ఓడ పొగ ఎలాగూ లెక్కలోకి రాదు."

"నన్ను అబద్ధమాడమంటావా బావా? దీక్షలో?"

"నిన్ను ఆడమన్నానేటి? నువ్వు మంత్రం సదువుకో. మాటాడేది నాను."

ముహూర్తం ఎలాగూ ఆ వేళకే ఉంది. కామరాజు సరేననలేదు, కాదనలేదు.

ఆదివారం పొద్దున రేవులో ఓడ ఒక్కసారి దగ్గినట్టు కదిలింది. గురునాథరావు చెప్పినట్టే నల్లటి పొగ మెట్ట ఎక్కింది. దాని మీదుగా రెండు విమానాలు గుడి గంట మోగించుకుంటూ సముద్రం మీదికి పోయాయి. ఆరేసిన చీరల మీద మసి రాలింది. ఆ పొగలోంచే మిత్రమండలి పెద్దలిద్దరు ముక్కులకు రుమాళ్ళు అడ్డం పెట్టుకుని, వాళ్ళ వెనక తెల్లని యూనిఫారంలో ఆఫీసరుగారు, మెట్లెక్కి వచ్చారు.

ఆఫీసరుగారు తల పైకెత్తి చూసి కొంచెం ఇబ్బందిగా దగ్గారు. గురునాథరావు సెల్యూట్ కొట్టాడు. "మన ఓడదే సార్."

"అది పోటీ లెక్కలోకి రాదులెండి," అన్నాడు మండలి పెద్ద, రుమాలులోంచి.

మెట్ట మొత్తం హాయిగా ఊపిరి పీల్చుకుంది, పీల్చదగినంత మేరకు.

జడ్జీలు ఇంటింటికీ తిరిగి వంటిళ్ళు చూశారు. సీతాలు చల్లారిన పొయ్యిలో చెయ్యి పెట్టించి మరీ చూపించింది. చివరికి గుడి దగ్గరికి వచ్చారు. మండపంలో శాస్త్రిగారు మంత్రం చెబుతున్నారు. కామరాజు నేతి గరిటె పట్టుకుని గుండం ముందు కూర్చున్నాడు. నిన్నటి నుంచి కడుపులో నీళ్ళు తప్ప ఏమీ లేవు. తల తేలిపోతోంది. ఆఫీసరుగారు బూట్లు విడిచి, లోపలికొచ్చి భక్తిగా నమస్కరించారు. కళ్ళు తుడుచుకుంటూ అడిగారు. "ఈ పొగ?"

"ఓడదే సార్," అన్నాడు గురునాథరావు.

అందరూ కామరాజు కేసి చూశారు. చిట్టమ్మ చూసింది, సీతాలు చూసింది, వాచిన కాళ్ళ మీద నిలబడి పద్మావతి చూసింది. రోజూ ఒక టాంకరు నీళ్ళు. ఊరికే తలొంచుకుని గరిటెడు నెయ్యి పోస్తే చాలు. కామరాజు గరిటె ఎత్తాడు. కంకణం కిందికి జారి మణికట్టు దగ్గర ఆగింది.

"కింది పొగ నాదేనండి. పైన పోతున్నది మీది. మధ్యలోది ఎవరిదో నేను చెప్పలేను," అన్నాడు.

గురునాథరావు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. మండలి పెద్ద జేబులోంచి పెన్ను తీశాడు.

"అయ్యా, ఒక్క సందేహం. కోపగించుకోకండి," అన్నాడు కామరాజు. ఆకలి మనిషికి ఇంత ధైర్యం ఇస్తుందని ఆయనకు తెలియదు. "మీ నేవీ ముద్ర కింద నాగరి అక్షరాల్లో ఉన్నది వరుణుడు మాకు మేలు చెయ్యాలనే గదండీ? మా గురునాథరావు బావ ఇంట్లో షీల్డు మీద చూశాను. శాస్త్రిగారు అర్థం చెప్పారు. నేనూ ఆయన్నే అడుగుతున్నాను. అంటే మీరూ నేనూ ఒకే దేవుడి కింద పనిచేస్తున్నామన్నమాట. నాది లెక్కలోకి రావాలంటే ఒప్పుకుంటాను, వేసుకోండి. గుప్పెడు పొగ. కాని మీది రాకపోతే అదెటు పోయిందండీ? వానలు లేవు, భూమి మాడిపోతోంది, సముద్రంలో చేప దూరం పోయిందని మా చిట్టమ్మ రోజూ చెబుతుంది. మీ ఓడలు ఉండాలి. ఉండొద్దని నేననను. ఎంత పొగ వదిలాయో అదొక్కటీ ఎవరో ఒకరు రాసుకుంటే బాగుండు గదా అని."

శాస్త్రిగారి మంత్రం ఆగిపోయింది. ఆఫీసరుగారు గుండం కేసి, తరవాత బయట ఆకాశం కేసి చూశారు. ఆయన మొహంలో ముందు నవ్వు వచ్చింది, తరవాత నవ్వు పోయింది.

"దీనికి జవాబు చెప్పే ర్యాంకు నాది కాదండీ," అన్నారు మెల్లగా. ప్రసాదం తీసుకుని వెళ్ళిపోయారు.

మొదటి బహుమతి దిగువ వీధికి పోయింది. వాళ్ళు చేసిన ఘనకార్యం ఏమీ లేదు. వీధి వీధంతా ఇళ్ళకు తాళాలు వేసుకుని సింహాచలం వెళ్ళారు. పొగ ఎక్కడి నుంచి వస్తుంది? రామాలయం మెట్టకి నిజాయితీని మెచ్చుకుంటూ రెండో బహుమతి ఇచ్చారు. లారీలో వచ్చింది. వేప మొక్కలూ గానుగ మొక్కలూ కలిపి ఇంటికి నాలుగు.

చిట్టమ్మ తన నాలుగు మొక్కలూ చూసుకుని కామరాజు గుమ్మం ముందు నిలబడింది. "మాకే తాగడానికి నీల్లు లేవంటే, తాగీవోల్లని ఇంకా నలుగుర్ని తెచ్చి ఒల్లో ఎట్టినావు బాబు. నీకు పున్నెముంటాది."

గురునాథరావు అసలు మాట్లాడటమే మానేశాడు. ఎదురుపడితే, పక్కనే ఏదో ఓడ వెళ్తున్నట్టు సముద్రం కేసి చూస్తూ నడిచేవాడు. పద్మావతి బిందె తీసుకుని కుళాయికి పోతుంటే ఆవిడ నడక చూడలేక కామరాజు గుడి వైపు తిరిగేవాడు. నిజం చెప్పినవాడు తను, కాళ్ళు వాచింది ఆవిడకి. ఇదేం న్యాయం స్వామీ అని రోజూ గుళ్ళో అడిగేవాడు. బియ్యం కడిగిన నీళ్ళు, ముఖం కడిగిన నీళ్ళు పట్టి ఇల్లిల్లూ తిరిగి మొక్కలకు పోసేవాడు. అయినా అవి తలలు వేలాడేశాయి.

కొన్నాళ్ళకు ఆఫీసరుగారు మొక్కల్ని చూడటానికి జీపులో వచ్చారు. ఈసారి యూనిఫారం లేదు. వాడిపోయిన వేపమొక్క ముందు నిలబడి, "ఏమిటండీ ఇలా అయిపోయాయి?" అన్నారు.

"పిల్లల్ని ఇచ్చారండి, పాలు ఇవ్వలేదు," అన్నాడు కామరాజు.

మర్నాడు పొద్దున్నే మెట్ట కింద హారను వినిపించింది. నేవీ వాళ్ళ నీలం రంగు టాంకరు. దాని మీద కొత్తగా రాసిన తెల్ల అక్షరాలు: మొక్కలకు మాత్రమే. ఆ అక్షరాలు చదివినవాళ్ళు చదివారు, చదవనివాళ్ళు చదవలేదు. బిందెలు మాత్రం అందరూ తెచ్చారు. డ్రైవరు టాంకరు గొట్టానికి అడ్డంగా నిలబడబోతే చిట్టమ్మ, "మాం తాగింది లెక్కలోకి రాదు నాయినా. మొక్కల పేరున రాసీసుకో," అంది. మెట్టంతా గొల్లుమంది. అందరికంటే పెద్దగా నవ్వింది గురునాథరావే.

కామరాజు నవ్వలేకపోయాడు. గొట్టం ముందుకు వచ్చి నిలబడ్డాడు. పద్మావతి బిందె ముందువరసలోనే ఉంది. ఆవిడ కళ్ళు, ఇప్పుడు కూడానా అని అడుగుతున్నాయి. చేతికి కంకణం లేదు. విప్పి చాలా రోజులైంది. ఏ దీక్షా అడ్డం రాదు.

"పట్టుకోండమ్మా. అందరూ పట్టుకోండి," అన్నాడు చివరికి. "మొదటి చెంబు మొక్కకి. తరవాత మనుషులకి." అని డ్రైవరు వైపు తిరిగాడు. "బాబూ, మీ సారుతో ఉన్నదున్నట్టు చెప్పు. మొక్కలూ తాగాయి, మనుషులూ తాగారు. కామరాజే పట్టుకోమన్నాడని చెప్పు."

"అలా చెబితే రేపు బండి రాదండి."

"రాకపోతే కనుక్కుందాం. చెప్పకుండా మటుకు ఉండకు."

జనం గొణిగారు. సీతాలు ఈ మనిషికి పిచ్చి ముదిరిందంది. బిందెలు మాత్రం నింపుకున్నారు. కామరాజు పద్మావతి బిందె తనే ఎత్తుకుని ఇంటిదాకా మోశాడు. ఆవిడ వెనకే నడుస్తూ, "రేపు బండి రాకపోతే కుళాయికి మీరే వెళ్ళాలి" అంది. వెళ్తానన్నాడు.

మర్నాడు మెట్ట మీద అందరూ పొద్దున్నే లేచారు గాని, ఎవరూ బిందెలు బయట పెట్టలేదు. పెడితే ఆశపడినట్టు ఉంటుందని. కామరాజు ఒక్కడే రెండు బిందెలతో కుళాయి దారి పట్టాడు. సగం దారిలో ఉండగా కింద హారను మోగింది. టాంకరు మలుపు తిరిగి ఎక్కుతోంది. 'మాత్రమే' అన్న మాట మీద ఎవరో నీలం రంగు పూసేశారు. రంగు ఇంకా ఆరలేదు. ఎక్కుతున్న కుదుపుకి ఒక చార కిందికి కారుతోంది.

వెనక నుంచి అడుగులు వినిపించాయి. గురునాథరావు, ఆయాసపడుతూ. ఇన్ని రోజుల తరవాత మొదటి మాట.

"ఏటి బావా, సూత్తా నిలబడిపోనావు? ఒక బిందె ఇలాగియ్యి. నాలుగు మొక్కలున్నాయి నాకు."